పెనుకొండలో ఒక పగలు

పరదేశమునకు ఒంటరిగా పోయి, ఒక నగరమును ఒక్క దినములో చూచి వచ్చినవారి ప్రసంగములు శ్రోతలకు క్రొత్త కావు. రంగూను స్తూపమును, బాంకాకు విహారములను మనము ఇంటనే కూర్చుండి విని యున్నాము. అటువంటి యాత్రికుడొకడు పూర్వము మన దేశమునకు వచ్చెను. అతడు వెనిసు నగరపు వర్తకుడు. పేరు చేజరే ఫెదెరీచి. 1567లో గోవానుండి బయలుదేరి, అప్పటికే పాడువడిన విజయనగరమును చేరి, అక్కడ ఏడు నెలలుండెను. మలక్కా, పెగూ దేశములను గూడ చూచి, స్వదేశమునకు మరలిన పిమ్మట తన యాత్రలను గ్రంథముగా వ్రాసెను. అందు మన అనంతపుర సీమకు సంబంధించిన మాట యొకటి కలదు. రాజు తన కొలువును విజయనగరమునుండి ఎనిమిది దినముల ప్రయాణ దూరమున నున్న పెనుకొండకు మార్చెనని ఆ వర్తకుడు తెలిపెను.

ఆ పెనుకొండను చూచుటకు మనకు ఎనిమిది దినములు పట్టవు. అనంతపురమునుండి బెంగుళూరు పోవు రహదారిలో సుమారు 70 కిలోమీటర్లు. రైలు మార్గమును ఉన్నది. 2022 ఏప్రిల్ నుండి ఈ యూరు శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది. గోదావరి సీమలో వాసవీ కన్యకా పరమేశ్వరి వెలసిన పెనుగొండ వేరు, ఇది వేరు. బండి యెక్కునపుడే ఈ సంగతి చెప్పుకొనుట మంచిది.

ఒంటరిగా పోవువారికి ఒక సౌకర్యము కలదు: తమకు నచ్చినచోట ఎంతసేపైనను నిలువవచ్చును. పెనుకొండలో అట్లు నిలువవలసిన చోటులు పెక్కు గలవు. కాని అక్కడికి పోయినవారు సాధారణముగా మహలులను, గుళ్ళను, దర్గాను చూచి మరలుదురు. ఈ పగటిని మరియొక ప్రశ్నతో గడుపుడని నా మనవి. ఈ యెండిన నేలపై ఒక రాజధాని యేమి త్రాగి బ్రదికెను?

ఉదయము ఎండ ముదరకముందే కొండ యెక్కవలెను. నీళ్ళ సీసా మరువకుడు. పెను కొండ యనగా పెద్ద కొండ; సంస్కృతమున ఘనగిరి యనిరి. శిఖరము సముద్రమట్టమునకు సుమారు 3,000 అడుగుల యెత్తున నున్నది. క్రింద ఎఱ్ఱమంచి ద్వారమున మనిషిని మించిన నిలువెత్తు హనుమంతుడు కావలి యున్నాడు. బుక్కరాయలు ఈ సీమను తన కుమారుడగు విరుపణ్ణ కిచ్చెననియు, అతని కాలముననే కోట కట్టబడెననియు కోట ద్వారమునందలి 1354 నాటి శాసనమువలన తెలియుచున్నది. పైన లక్ష్మీనరసింహస్వామి గుడి. గుడిని సేవించుకొని, బండమీద కూర్చుండి నాలుగు దిక్కులను చూడుడు. ఎఱ్ఱనేల, గుండ్రాళ్ళ గుట్టలు, వేరుసెనగ చేలు, వాని నడుమ అక్కడక్కడ అద్దపు ముక్కలవలె చెరువులు. వానలేని యేట ఆ యద్దములు మట్టిరంగుననే యుండును.

అనంతపుర సీమలో ఏడాది వాన సగటున సుమారు 550 మిల్లీమీటర్లు. నైరృతి ఋతుపవనము తన నీటిలో పెద్దపాలును పడమటి కనుమల కావలి వైపుననే కురిసి, ఇక్కడికి వట్టి గాలియై వచ్చును. ఈశాన్య ఋతుపవనము తూర్పు కడలినుండి ఇంత లోనికి వచ్చునప్పటికి అలసిపోవును. ఇరువైపుల చుట్టములుండియు ఎవరింటను అన్నము దొరకనివాని స్థితి ఈ సీమది. అందుచేత ఇక్కడి పూర్వులు కురిసిన నాలుగు చినుకులను పోనీయక పట్టుకొనుటనే విద్యగా అభ్యసించిరి. రెండు గుట్టల నడుమ కట్ట వేసిరి. పొలమునకు నీరు వదలుటకు తూము పెట్టిరి. ఎక్కువైన నీరు కట్టను తెంపకుండ బయటికి పోవుటకు మరువ నిర్మించిరి. ఆ మరువ దాటిన నీరు వృథాగా పోదు. దిగువ చెరువును చేరును. ఏ పొలమునకు ఎంతసేపు నీరు విడువవలెనో చూచుటకు నీరుగంటి యుండెడివాడు. చెరువు మరమ్మతు చేయువారికి దశబంధ మాన్యములుండెడివి. అనంతపురము పేరే ఒక చెరువుతో ముడివడినది. బుక్కరాయల మంత్రి చిక్కప్ప ఒడయరు 14వ శతాబ్దమున కట్టించిన ఆ చెరువునకు ఒకవైపున అనంతపురము, మరియొకవైపున బుక్కరాయసముద్రము వెలసినవి.

చెరువులు పల్లెలకు చాలినను, సేనతోను కొలువుతోను నిండిన నగరమునకు చాలునా? ఈ ప్రశ్నకు ఉత్తరము పెనుకొండలో లేదు. దక్షిణమున, నేటి కర్ణాటకములోని గౌరీబిదనూరు ప్రాంతమున ఒక రాతిపై నున్నది. అది 1388 నాటి శాసనము. హరిహరరాయలు ఏలుచుండగా అతని కుమారుడగు ప్రతాప బుక్కరాయలు పెనుకొండలో నుండెను. ప్రాణులకు నీరే ప్రాణమని తలచి, ప్రజల సుఖముకొరకు పెన్నానదిని పెనుకొండకు తెమ్మని అతడు సింగాయభట్టు అను జలసూత్రజ్ఞు నాజ్ఞాపించెను. సింగాయభట్టు నదినుండి సిరువెర చెరువువరకు కాలువ త్రవ్వించి, దానికి ప్రభువు పేరు పెట్టెను. ఈ సంగతియంతయు ఆ శాసనమున నున్నది. రాజుల బిరుదులతో నిండిన శాసనములు వేలు గలవు. నీటి పని తెలిసినవాని పేరును, అతని విద్యను ఇంత యాదరముతో చెక్కినవి అరుదు. నా మట్టుకు పెనుకొండలోని యే మహలుకంటెను ఈ మాటయే గొప్ప కట్టడము.

కంబుజ దేశమునకు పోయినవారు ఆంకోరు నగరమున పడమటి బారే అను తటాకమును చూచి విస్తుపోవుదురు. దాని పొడవు సుమారు ఎనిమిది కిలోమీటర్లు. 11వ శతాబ్దపు నిర్మాణము. కాని అక్కడ వాన పుష్కలము. ఎండకాలమునకు దాచుకొనుటయే పని. ఇక్కడ దాచుటకు ముందు వెదకవలెను. నందికొండల పుట్టిన పెన్నయో, ఏడాదిలో చాలకాలము ఇసుకయే.

మధ్యాహ్నమునకు కొండ దిగి గగనమహలు చేరవచ్చును. రెండంతస్తుల ఆ భవనమున తురక వంపులును హిందూ శిల్పుల గోపురమును ఒకే యింటిలో కాపురమున్నవి. రాజులకు ఇది వేసవి విడిది యని చెప్పుదురు. సమీపముననే రాముని గుడియు శివుని గుడియు ప్రక్కప్రక్కనే యున్నవి. రాముని గుడి గోడల కుడ్యస్తంభములపై రామాయణ, కృష్ణలీలా ఘట్టములు, శివుని గుడిపై శైవ కథలు చెక్కబడినవి. పిల్లలకు కథ చెప్పుటకు ఇంతకంటె మంచి పుస్తకము దొరకదు.

1565 జనవరిలో కృష్ణాతీరమున జరిగిన యుద్ధమున అళియ రామరాయలు హతుడైనపిమ్మట, అతని తమ్ముడు తిరుమలరాయలు సదాశివరాయలను వెంటబెట్టుకొని ఇక్కడికి వచ్చెను. కొలది యేండ్లకు తానే పట్టము కట్టుకొనెను. రామరాజభూషణుడు వసుచరిత్రమును అంకితమిచ్చినది ఈ తిరుమలరాయలకే. ఓడి వచ్చిన కొలువున, ముట్టడి భయము నడుమ, అంతటి శ్లేషకావ్యమును విని యానందించువా రుండిరన్నమాట! ముట్టడులును వచ్చినవి. కడకు వేంకటపతిరాయలు రాజధానిని చంద్రగిరికి తరలించెను. తిమ్మరుసు ఈ యూరనే చెఱలో మరణించెనని స్థానికులు ఒక మండపమును చూపుదురు, అది జనశ్రుతి.

సాయంకాలము రెండు చోటులకు తీరిక యుంచుకొనుడు. మొదటిది పచ్చ పార్శ్వనాథుని బసది. విగ్రహము పచ్చని రాతిది. జైనులకు పెనుకొండ పూర్వమునుండియు విద్యాస్థానము. రెండవది బాబయ్య దర్గా. బాబా ఫక్రుద్దీను గురువు తిరుచిరాపల్లిలో నుండెడివాడట. ఆయన శిష్యునకొక యెండిన పలుదోముపుల్ల నిచ్చి, అది యెక్కడ చిగిర్చునో అక్కడ నిలువుమనెనట. పుల్ల పెనుకొండలో చిగిర్చెనని భక్తుల విశ్వాసము. కథ నిజానిజముల చర్చ మనకేల? ఎండుపుల్ల చిగిర్చుటయే మహిమకు గుర్తుగా ఈ కఱవునేల తలచుట గమనింపదగిన విషయము. దర్గాకు హిందువులును వచ్చి మ్రొక్కుదురు.

పొద్దు వాలునపుడు ఓపిక యున్నవారు గొల్లపల్లి జలాశయము వఱకు పోవచ్చును. శ్రీశైలమునుండి హంద్రీ-నీవా కాలువ ద్వారా, పంపులతో మెట్టుమెట్టుగా ఎత్తబడిన కృష్ణాజలములు 2016లో ఇక్కడికి చేరినవి. కృష్ణాతీరమున ఓడి పెనుకొండకు పరుగెత్తివచ్చిన రాజుల వెనుక, 451 ఏండ్లకు ఆ కృష్ణయే వచ్చెను! ఎఱ్ఱమంచి యొద్ద కొరియావారి కార్ల కర్మాగారము 2019లో ఉత్పత్తి ప్రారంభించినది. కర్మాగారమునకును నీరు కావలెను, ఊరికిని కావలెను, వేరుసెనగ చేనికిని కావలెను. కాలువ వచ్చినదని ఊరి చెరువుల పూడిక తీయుట మానినచో, పంపులు నిలిచిననాడు సింగాయభట్టు కెదురైన చిక్కే మరల ఎదురగును.

తిరుగు బండికి వేళ మిగిలినచో ఊరిదగ్గరి ఏదైన ఒక చెరువు కట్టమీద కొంతసేపు కూర్చుండుడు. అక్కడ చల్లగాలికి వచ్చిన పెద్దలుందురు. కోట యెవరు కట్టించిరని వారి నడిగిన ఒక్కొక్కరు ఒక్కొక్క పేరు చెప్పవచ్చును. చెరువు నిండి మరువ పారిన యేడు ఏదని యడిగిచూడుడు. నెలతో సహా, ఆనాడు తమ చేలో ఏమి పైరుండెనో దానితో సహా చెప్పుదురు.