మెట్లుగల ధ్వని మీట

అనకాపల్లి నూకాంబిక జాతరవంటి తావుల, మైకు మీట త్రిప్పగానే గరగర పుట్టుట తమరు వినియుందురు. అరిగిన వాల్యూము కంట్రోలే తరచుగా దానికి హేతువు. దానికి బదులు 12 స్థానముల తిరుగుడు స్విచ్చి నుంచి, ప్రీయాంప్లిఫయరును అదుపున నుంచు ఫీడ్‌బ్యాకు దారిలో మెట్టునకొక నిరోధకమును అతుకవచ్చును. నిరోధము పెరిగినకొలది ధ్వని హెచ్చును. చెవి బెల్లపు త్రాసు వంటిది కాదు, నిష్పత్తినే గ్రహించును. కావున మెట్టునకు 3 డెసిబెల్ల చొప్పున, రెండు మెట్లకు వోల్టేజి ఇంచుమించు రెట్టింపగునట్లు విలువలు ఎన్నవలెను.

స్విచ్చి జాతి ముఖ్యము. పాత బిందువును విడిచి క్రొత్తదానిని తాకులోపల దారి తెగెనేని, పగ్గము తెగిన ఎద్దువలె యంత్రము పూర్తి బలముతో గర్జించును. హారను తీగచుట్ట మాడవచ్చును. ముందు కూర్చున్న వృద్ధుల చెవుల మాట చెప్పనేల! క్రొత్తదానిని తాకిన పిదపనే పాతదానిని విడుచు స్విచ్చినే కొనుడు. ఆ క్షణమున నిరోధకములు రెండును ప్రక్కప్రక్కన కలిసి ధ్వని కొంచెము తగ్గును, అంతియే.