సుభాష్‌పల్లి పద్దు

పార్లమెంటులో లక్షల కోట్ల బడ్జెట్లు వినడం నా వృత్తి. అంతకంటె బరువైన పద్దు మొన్న ఖరగ్‌పూర్ సుభాష్‌పల్లిలో విన్నాను. రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా పదవీ విరమణ చేసిన ఒక తెలుగాయన కుమార్తెను జర్మనీలో చదివించ సంకల్పించారు. అక్కడ ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు అనేకం ఫీజు తీసుకోవన్నది ఆయన ధీమా. కాని వీసాకు ముందే ఏడాది ఖర్చు 11,904 యూరోలు బ్లాక్డ్ ఖాతాలో చూపవలసి ఉన్నది. ఇది 2024 సెప్టెంబరు నాటి నిబంధన. అందులో నెలకు 992 యూరోలే అమ్మాయి చేతికి అందుతాయి. యూరో ధర ఒక్క రూపాయి పెరిగితే తండ్రిపై 11,904 రూపాయలు పడతాయి! (ఏ ఆర్థికమంత్రీ సభలో ఈ లెక్క చెప్పగా నేను వినలేదు.) విదేశాలకు పంపే సొమ్ముపై ముందుగా వసూలు చేసే పన్నుకు పరిమితిని 2025 బడ్జెట్టు 7 లక్షల నుండి 10 లక్షలకు పెంచింది. మేలే, అయినా ఈ ఒక్క డిపాజిట్టే ఆ గీత దాటుతున్నది.

“పీఎఫ్ సొమ్ముతో ఇల్లు కట్టుకుందామనుకున్నామండీ,” అన్నారాయన. అమ్మాయి లోపలి గదిలో జర్మన్ పాఠం వల్లె వేస్తున్నది.