చేతులు సబ్బుతోనే కడగండి

మూలకణాల మార్పిడి చేయించుకుని ఇంటికొచ్చిన మనిషికి విరేచనాలు పట్టుకుంటే "వేడి చేసిందిలే" అని ఊరుకోకండి. మార్పిడికి ముందిచ్చే మందులతో తెల్లకణాలు పడిపోతాయి, పేగుల లోపలి పొర దెబ్బతింటుంది. ఆపైన వాడే యాంటీబయాటిక్స్ పేగుల్లో మనకు మేలుచేసే సూక్ష్మజీవులనూ చంపేస్తాయి. కాపలా లేని ఇంట్లో దొంగ పడ్డట్టు, క్లాస్ట్రిడియోయిడిస్ డిఫిసిల్ అనే బాక్టీరియా పెచ్చుపెరిగి విషం వదులుతుంది. యాంటీబయాటిక్స్ వాడాక వచ్చే పెద్దపేగు వాపుకు ఇది కారణమని 1978లో తేల్చారు.

దీని బీజాలు శానిటైజరుకు చావవు. సబ్బూ నీళ్లతో చేతులు బాగా రుద్ది కడుక్కోవాలి. మరుగుదొడ్డిని బ్లీచింగు నీళ్లతో తుడవాలి. విరేచనాలు కట్టే మాత్రలు డాక్టరునడక్కుండా మాత్రం వేయకండమ్మా! రోజుకు మూడుసార్లు నీళ్లగా అయినా, జ్వరమో కడుపునొప్పో వచ్చినా, ఆ రోజే ఆస్పత్రికి చెప్పండి. మలపరీక్షతో బయటపడుతుంది, మందూ ఉంది. మొహమాటపడి ఆలస్యం చేస్తేనే ప్రాణం మీదికి వస్తుంది.