అఫ్లాటాక్సిన్

ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్, ఆస్పర్‌జిల్లస్ పారాసిటికస్ అనే బూజులు తయారుచేసే విషమే అఫ్లాటాక్సిన్. వేరుశనగ, మొక్కజొన్న, ఎండుమిర్చి, పత్తిగింజలు దీని బారిన తేలిగ్గా పడతాయి. 1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోళ్లు అంతుచిక్కని జబ్బుతో చనిపోయాయి. వాటికి మేపిన వేరుశనగ చెక్కకు బూజు పట్టిందని తేలడంతో ఈ విషం బయటపడింది.

1974లో రాజస్థాన్, గుజరాత్ గిరిజన గ్రామాల్లో బూజుపట్టిన మొక్కజొన్న తిని సుమారు వంద మంది చనిపోయారు. ముందు కామెర్లు, ఆపై పొట్టలో నీరు. ఇలా ఒక్కసారిగా ప్రాణం తీయడం అరుదు. ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా ఒంట్లో చేరడమే అసలు ముప్పు. అఫ్లాటాక్సిన్‌లలో బి1 అనే రకం, కాలేయ క్యాన్సర్‌కు దారితీస్తుంది. హెపటైటిస్-బి ఉన్నవారికి ఆ ప్రమాదం ఎన్నో రెట్లు ఎక్కువ.

బూజు పొలంలోనే మొదలవుతుంది. అనంతపురం వంటి మెట్ట ప్రాంతాల్లో వేరుశనగ కాయ ఊరే దశలో వాన ముఖం చాటేస్తే, పురుగు తొలిచిన కాయలోకి మట్టిలోని బూజు చొరబడుతుంది. పీకిన చెట్లను కాయలు పైకి ఉండేలా తిరగేసి ఎండబెట్టి, తేమ 8 శాతం లోపుకు దిగాకే బస్తాలకెత్తాలి. ఒలుపు సులువు కావాలని ఎండిన కాయలపై నీళ్లు చల్లే అలవాటు ఈ శ్రమనంతా వృథా చేస్తుంది.

వండినా, వేయించినా ఈ విషం పూర్తిగా పోదు. ముడుచుకున్న, రంగు మారిన గింజలను ఏరి పారేయాల్సిందే. వాటిని పశువులకు వేయడమూ తప్పే: మేతలోని బి1 పశువు ఒంట్లో ఎం1 అనే మరో రకంగా మారి పాలలోకి వస్తుంది. మన దేశంలో కిలో పాలకు ఎం1 పరిమితి 0.5 మైక్రోగ్రాములు.