సైకిల్ దారి వాడ నుంచి మొదలవ్వాలి

మా వాడ నుంచి హైస్కూలుకు రోడ్డు మీద నాలుగు కిలోమీటర్లు. పొలాల మధ్య దారిలో పోతే రెండే. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా ఆ అడ్డదారికి ముళ్లకంప పడింది. పొలం మాది, దారి మాది అన్నారు. అప్పటి నుంచి ఊరి నడుమ నుంచి చుట్టూ తిరిగి, లారీలు పోయే తారురోడ్డు అంచున నడిచేవాళ్లం. ఆ వానాకాలం దాటకముందే మాతో నడిచే ఇద్దరు ఆడపిల్లలు బడి మానేశారు. వాళ్లను బడికి రావద్దని ఎవరూ అనలేదు. దారి మూసేశారు, అంతే.

నడక, సైకిల్ దారుల గురించి ఎక్కడ చదివినా నాకు ఆ ముళ్లకంపే గుర్తొస్తుంది.

కలిపితేనే దారి

చాలా దేశాల్లో ఇప్పుడు పార్కు చుట్టూ ట్రాక్ వేసి సరిపెట్టుకోవడం లేదు. మోటారు బండ్లు రాని దారులను పేట నుంచి పేటకు, ఊరి నుంచి ఊరికి కలుపుకుంటూ పోతున్నారు. పార్కులోని ట్రాక్ ఒంటికి మంచిది. బడిని, ఆసుపత్రిని, సంతను, బస్టాండును, పనిచోటును కలిపే దారి రోజువారీ బతుక్కి మంచిది. ఛార్జీ డబ్బు మిగులుతుంది, ప్రమాదాల భయం తగ్గుతుంది, బండి లేనివాళ్లు ఇంకొకరిని అడగక్కర్లేదు.

ఈ అవసరం ఎవరిదో 2011 జనాభా లెక్కలు చెబుతున్నాయి. వ్యవసాయం, ఇంటి పరిశ్రమలు కాకుండా ఇతర పనులు చేసేవారిలో దాదాపు 4.5 కోట్ల మంది పనికి నడిచి వెళ్తున్నారు. మరో 2.6 కోట్ల మంది సైకిల్ తొక్కుతున్నారు. తెల్లారకముందే చేలకు నడిచే వ్యవసాయ కూలీలు ఈ లెక్కలో లేనే లేరు.

బిహార్ ప్రభుత్వం 2006లో తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సైకిళ్లు ఇవ్వడం మొదలుపెట్టింది. ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, నిషీత్ ప్రకాశ్ దాన్ని పరిశీలించారు. హైస్కూల్లో చేరే ఆడపిల్లలు 32 శాతం పెరిగారని తేల్చారు. బడి 3 కిలోమీటర్లు, అంతకు మించి దూరమున్న గ్రామాల్లోనే ఈ మార్పు ఎక్కువ.

అట్లాంటా చెప్పే పాఠం

2023 అక్టోబరులో హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ ప్రారంభమైంది. పైన సోలార్ పలకల కప్పు. నానక్‌రామ్‌గూడ నుంచి పోలీస్ అకాడమీ వైపు ఒకటి, నార్సింగి నుంచి కొల్లూరు వైపు ఒకటి. మంచి పనే. కానీ అది ఐటీ కారిడార్‌ను ఆనుకుని ఉంది. చీపురు పట్టుకుని చీకట్లో బయల్దేరే పారిశుద్ధ్య కార్మికురాలి బస్తీకి అలాంటి దారి ఎప్పుడు వస్తుంది?

వచ్చినా ఇంకో ప్రమాదం ఉంది. అమెరికాలోని అట్లాంటా మార్టిన్ లూథర్ కింగ్ పుట్టిన నగరం. అక్కడ 1999లో రయాన్ గ్రావెల్ అనే విద్యార్థి తన మాస్టర్స్ థీసిస్‌లో ఒక ఆలోచన చెప్పాడు. నగరం చుట్టూ ఉన్న పాత రైలు మార్గాలను కలిపితే 22 మైళ్ల వలయం అవుతుందని, 45 పేటలు దాని మీద కలుస్తాయని. అదే బెల్ట్‌లైన్. కింగ్ పుట్టిన ఇంటికి దగ్గర్లోనే పోయే తూర్పు భాగం 2012లో తెరిచారు. జనం మెచ్చారు. వెంటనే చుట్టుపక్కల అద్దెలు, ఇళ్ల ధరలు పెరిగాయి. తరాలుగా అక్కడున్న నల్లజాతి కుటుంబాలకు ఆ పేటలు అందకుండా పోసాగాయి. పేదలకు అందే ధరలో 5,600 ఇళ్లు కడతామన్న హామీ దారితో సమానంగా నడవలేదు. సమానత్వాన్ని పట్టించుకోవడం లేదంటూ 2016లో గ్రావెల్ తానే బెల్ట్‌లైన్ భాగస్వామ్య సంస్థ బోర్డు నుంచి తప్పుకున్నాడు.

మన దగ్గర వాకింగ్ ట్రాక్‌లు వేసేది చెరువు కట్టల మీద, కాలువ గట్ల మీద, నాలాల పక్కన. గుడిసెలు ఉండేదీ అక్కడే. సుందరీకరణ పేరుతో వాటిని లేపి ఊరి బయట ఇళ్లిస్తే, నడిచి పోయే పని కాస్తా ఛార్జీలు పెట్టుకుని పోయే పని అవుతుంది. ఆ ట్రాక్ మీద ఇక ఎవరు నడుస్తారు?

నడిచే హక్కు చట్టంలో ఉంది

దారి మనకెప్పుడూ ఉత్త దారి కాదు. 1924లో కేరళలోని వైకోంలో సత్యాగ్రహం జరిగింది గుడిలోకి పోవడానికి కూడా కాదు, గుడి చుట్టూ ఉన్న రోడ్ల మీద నడవడానికి. రాజ్యాంగంలోని 15(2) అధికరణం బావులు, చెరువులతో పాటు రోడ్లనూ పేరుపెట్టి చెప్పింది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ, సెక్షన్ 3(1)(జడ్ఏ), ఇంకా స్పష్టంగా ఉంది. రోడ్డునో, దారినో అందరితో సమానంగా వాడుకోనివ్వకపోవడం నేరం. బహిరంగ ప్రదేశాల్లో సైకిల్ తొక్కనివ్వకపోవడం, చెప్పులు వేసుకోనివ్వకపోవడం నేరం. ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా జైలు. ఇరవై ఒకటో శతాబ్దంలో సైకిల్ తొక్కడం గురించి పార్లమెంటు ఇలా రాయాల్సి వచ్చింది.

నక్షా తీసి చూడండి

ఊరినీ ఊరినీ కలిపే దారుల కోసం కొత్తగా భూమి వెతకాల్సిన పని చాలాచోట్ల లేదు. డొంకలు, పుంతలు, బండ్లబాటలు గ్రామ నక్షాల్లో గీసే ఉన్నాయి. అవి ప్రభుత్వ భూములు. ఆక్రమణలు తొలగించి మట్టి పోసి చదును చేస్తే, దీపాలు పెడితే, అవే మన నడక, సైకిల్ దారులు. దానికి దళితుల అసైన్డ్ భూములు తీసుకోనక్కర్లేదు, గుడిసెలు కూల్చనక్కర్లేదు. గ్రామసభలో మనం అడగాల్సినవి ఇవి: దారి వాడ నుంచి మొదలవ్వాలి. బడి, ఆసుపత్రి, శ్మశానం దాకా తెగకుండా పోవాలి. దాని పక్కన ఇప్పుడున్నవాళ్లు అక్కడే ఉండాలి.

పరిశోధన పని మీద ఈమధ్య మా ఊరి నక్షా చూశాను. హైస్కూలుకు పోయే ఆ అడ్డదారి అందులో ఉంది. ఎవరి పొలం గట్టూ కాదు, రెండు గీతల మధ్య డొంక. అంటే అన్నేళ్లూ ముళ్లకంప వేసింది ప్రభుత్వ దారి మీద. ఆ సంగతి మాకు తెలియదు. తెలిసినవాళ్లు చెప్పలేదు. మీ ఊరి నక్షా కావాలంటే తహసీల్దార్ ఆఫీసులో అడగండి, ఇవ్వకపోతే సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి. ముందు మీ వాడ ఎక్కడుందో వెతికి, అక్కడి నుంచి ఎన్ని గీతలు బయటికి పోతున్నాయో లెక్కపెట్టండి.