అపార్టుమెంటులో కుక్కల పెంపకం

గుడివాడ వంటి పట్టణాలలో పెరటిళ్ళ స్థానంలో అపార్టుమెంట్లు లేచినకొద్దీ కుక్కల పెంపకం ఇరుగుపొరుగు తగవుగా మారుతున్నది. భారత జంతు సంక్షేమ మండలి 2015లో జారీచేసిన మార్గదర్శకాల ప్రకారం, నివాసుల సంఘం మెజారిటీతో తీర్మానించినా పెంపుడు కుక్కలను నిషేధించరాదు. లిఫ్టులోనికి రానివ్వకపోవడం, అందుకు రుసుము అడగడం కూడా తగదు. నోటీసు బోర్డుపై ఆంక్షలు అంటించే సంఘాలు దీనిని గమనించవలసి ఉన్నది. సంఘం ఒత్తిడికి లొంగి కుక్కను తిండి, నీరు దొరకనిచోట విడిచిపెట్టడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం క్రింద నేరమవుతుంది.

మొరగడం సహజమే గాని, రాత్రివేళ ఎడతెగక మొరగకుండా చూడవలసినది యజమానియే. రేబీస్ టీకా ఏటా వేయించాలి. కుక్క ప్రధానంగా రొప్పడం ద్వారానే ఒంటివేడిని తగ్గించుకొంటుంది; కృష్ణా డెల్టా వేసవి ఉక్కపోతలో ఇది చాలినంతగా జరగదు. కనుక మూసిన ఫ్లాటులో పగలంతా ఒంటరిగా ఉంచరాదు. నడకకు తెల్లవారుజాము అనుకూలం.