భుజంపై తన్నే ఒంటి గొట్టం తుపాకీ
బరువు, బట్, తూటా కుదిరితే సగం బాధ తగ్గుతుంది
గొట్టం కోయిస్తే మాత్రం దెబ్బ పెరుగుతుంది, జైలు తప్పదు

ఇరవై రెండేళ్ళు సైన్యంలో రైఫిల్ మోసిన హవల్దారు ఆయన. పదవీ విరమణ అనంతరం ఏజెన్సీ సరిహద్దు మండలంలోని ఒక బ్యాంకు శాఖలో కాపలాదారుగా చేరారు. తాడేపల్లిగూడెం సమీపంలోని మాధవరం వంటి సైనికుల ఊళ్ళ నుంచి వచ్చి ఇటువంటి కొలువుల్లో కుదురుకున్నవారు జిల్లాలో ఎందరో ఉన్నారు. సాధన కోసం ఫైరింగ్ రేంజికి తీసుకువెళ్ళిన రోజున ఆయన పన్నెండు బోరు ఒంటి గొట్టం తుపాకీతో పేల్చింది అయిదు తూటాలే. మర్నాటికి కుడి భుజం నేరేడుపండు రంగుకు తిరిగింది. ‘‘త్రీనాట్‌త్రీ పేల్చాను, ఎస్సెల్లార్ పేల్చాను. ఈ నాటు పిల్ల తన్నినట్టు ఏదీ తన్నలేదండీ’’ అని ఆయన నవ్వుతూనే చెప్పారు. నవ్వవలసిన విషయం మాత్రం కాదు. మరుసటి సాధనలో ఆయన మీట నొక్కే ముందే కళ్ళు మూసుకోవడం మొదలుపెట్టారు. జనం తిరిగే బ్యాంకు గుమ్మం వద్ద కళ్ళు మూసుకుని తుపాకీ పేల్చే పరిస్థితి వస్తే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు.

బ్యాంకు కాపలాదారుల వద్దనే కాక, పంటల రక్షణకు లైసెన్సు పొందిన రైతుల ఇళ్ళలోనూ కనిపించేది ఎక్కువగా ఈ ఒంటి గొట్టం తుపాకీయే. నడుము వద్ద విరిచి, ఒక్క తూటా పెట్టి, మూసి పేల్చాలి. మళ్ళీ పేల్చాలంటే మళ్ళీ విరవాలి. ధర తక్కువ, చెడిపోయే భాగాలు తక్కువ. అయితే ఇంత తేలికైన తుపాకీ ఇంత గట్టిగా ఎందుకు తన్నుతుందన్నది చాలామందికి తెలియదు.

తన్ను లెక్క ఇదీ

పన్నెండు బోరు అనగా ఒక పౌను సీసంతో సమానమైన పన్నెండు గుండ్లు చేస్తే, అందులో ఒక గుండు పట్టే గొట్టం. కొలతలో సుమారు 18.5 మిల్లీమీటర్లు. సాధారణ తూటాలో 32 గ్రాముల సీసపు గుళికలు ఉంటాయి. వాటి వెనుక ఉండే బిరడాతో కలిపి సుమారు 35 గ్రాముల బరువు సెకనుకు 370 మీటర్ల వేగంతో ముందుకు దూసుకుపోతుంది. మందుగుండు వాయువులు కూడా వాటి వెంటే తోసుకొస్తాయి. బడిలో భౌతికశాస్త్రంలో చదువుకున్న ద్రవ్యవేగ నిత్యత్వ నియమం ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. ముందుకు ఎంత పోయిందో వెనక్కి అంతే రావాలి. లెక్క వేస్తే సుమారు 14 ప్రమాణాల ద్రవ్యవేగం తేలుతుంది.

మూడు కిలోల తుపాకీ అయితే సెకనుకు 4.7 మీటర్ల వేగంతో వెనక్కి వస్తుంది. దాని శక్తి 33 జౌళ్ళు. అదే తుపాకీని మీటరుకు పైబడిన ఎత్తు నుంచి భుజం మీదికి జారవిడిస్తే తగిలే దెబ్బ ఎంతో ఇదీ అంతే. తుపాకీ బరువు రెండున్నర కిలోలకు తగ్గితే శక్తి 39 జౌళ్ళకు చేరుతుంది, మూడున్నర కిలోలకు పెరిగితే 28కి దిగుతుంది. మోయడానికి సుఖంగా ఉన్న తుపాకీయే పేల్చేటప్పుడు కష్టపెడుతుందన్న మాట. హవల్దారు గారు చెప్పిన త్రీనాట్‌త్రీ రైఫిల్ సుమారు నాలుగు కిలోలు. దాని గుండు బరువు 11 గ్రాములు మాత్రమే. ఎస్సెల్లార్‌లో కొంత వాయువు యంత్రాన్ని వెనక్కి నడపడానికి ఉపయోగపడి, దెబ్బ కాస్త సాగి తగులుతుంది. ఒంటి గొట్టంలో అటువంటి ఏర్పాటు ఏదీ లేదు. వచ్చిందంతా ఒక్కసారిగా భుజానికే.

కోయించాలన్న దురాశ

ఇక్కడే కొందరికి ఒక పాడు ఆలోచన వస్తోంది. 30 అంగుళాల గొట్టం మోటారు సైకిల్ మీద పట్టదు, పొలం గట్ల మీద కొమ్మలకు తగులుకుంటుంది, కాబట్టి ఒక పది అంగుళాలు కోయిస్తే సరిపోతుందని. సమీప గ్రామానికి చెందిన ఒక రైతు ఇదే పని మీద లేత్ మిషన్ షాపుకు వెళ్ళిన సంగతి ఈ విలేకరి దృష్టికి వచ్చింది. షాపు యజమాని తెలివైనవాడు. ‘‘కాగితం తెచ్చుకో బాబాయ్, కాగితం లేకుండా దాని మీద రంపం పెట్టను’’ అని వెనక్కి పంపాడు. ఆ మాట ఆ రైతును పెద్ద గండం నుంచి తప్పించింది.

ఆయుధాల చట్టం 1959లోని 6వ సెక్షన్ ప్రకారం అందుకు ప్రత్యేకంగా లైసెన్సు లేకుండా తుపాకీ గొట్టాన్ని పొట్టి చేయడం నేరం. తుపాకీ లైసెన్సు ఉన్నంత మాత్రాన ఆ హక్కు వచ్చినట్లు కాదు. 2019లో చేసిన సవరణతో ఈ నేరానికి శిక్ష 7 సంవత్సరాలకు తగ్గకుండా, యావజ్జీవం వరకూ పడవచ్చు. 20 అంగుళాల కంటే పొట్టి గొట్టం ఉన్న నునుపు గొట్టం తుపాకులను 1962 నాటి నియమావళిలోనే మామూలు వేట తుపాకుల నుంచి విడదీసి వేరే వర్గంలో చేర్చారు. సొంత తుపాకీయే కదా, సొంత పొలమే కదా అన్న వాదన కోర్టులో నిలవదు.

పోనీ ప్రయోజనం ఉందా అంటే అదీ లేదు. పది అంగుళాలు పోతే సుమారు పావు కిలో బరువు పోతుంది. మందుగుండు చాలావరకు గొట్టం మొదట్లోనే కాలిపోతుంది గనుక గుళికల వేగం తగ్గేది కొద్దిగానే. అంటే దెబ్బ తగ్గదు సరికదా పెరుగుతుంది. ముందు బరువు లేక మూతి పైకి ఎగురుతుంది. గుళికలను చెదరకుండా పట్టి ఉంచే ‘చోక్’ అనే సన్నపు నొక్కు ఉండేది గొట్టం చివరి కొద్ది అంగుళాల్లోనే కాబట్టి, ముందుగా పోయేది అదే. మోత కూడా చెవికి మరింత దగ్గరవుతుంది.

చట్టం లోపల చేయదగినవి

గొట్టం జోలికి పోకుండా భుజానికి ఊరటనిచ్చే మార్గాలు ఉన్నాయి. మొదట చూడవలసింది బట్ పొడవు. మోచేతిని మడిచి, బట్‌ను ఆ మడత లోపల ఆనించి, చూపుడువేలు చాపితే మొదటి కణుపు మీటకు అందాలి. ఇది ముతక కొలతే గాని పనికొస్తుంది. బట్ పొట్టిదైతే గురి చూసేటప్పుడు బొటనవేలు ముక్కుకు అతి దగ్గరగా వస్తుంది, పేలిన మరుక్షణం ముక్కు అదురుతుంది. పొడవైతే బట్ భుజం గుంటలో కూర్చోక చేతి కండ మీదికి జారుతుంది. హవల్దారు గారి భుజాన కమిలిన చోటు చూస్తే జరిగింది ఇదేనని తెలిసిపోయింది. మచ్చ ఛాతీ వైపున కాక, జబ్బ మీద ఉంది.

తర్వాతది రబ్బరు ప్యాడ్. చాలా తుపాకులకు బట్ చివర గట్టి ప్లాస్టిక్ పలకో, వట్టి చెక్కో ఉంటుంది. దాని స్థానంలో అంగుళం మందం మెత్తని రబ్బరు ప్యాడ్ బిగిస్తే తేడా వెంటనే తెలుస్తుంది. ప్యాడ్ వల్ల శక్తి ఏమీ తగ్గదు. అదే శక్తి కాస్త ఎక్కువ సమయంలో, కాస్త ఎక్కువ వైశాల్యం మీద దిగుతుంది. క్రికెట్ బంతిని పట్టేవాడు చేతులు వెనక్కి లాక్కోవడంలో ఉన్న కిటుకే ఇది. అయితే అంగుళం ప్యాడ్ చేర్చితే బట్ అంగుళం పెరుగుతుంది. కాబట్టి కొలత ముందే సరిగా ఉన్న తుపాకీకి అంత మేర చెక్క తగ్గించవలసి ఉంటుంది. ఈ పనులు లైసెన్సు ఉన్న ఆయుధ మరమ్మతుదారు వద్దనే చేయించాలి. ఊరి వడ్రంగికి తుపాకీ అప్పగించి రావడం కూడా చిక్కులు తెస్తుంది. బట్ లోపల బోలుగా ఉంటే అందులో మూడు నాలుగు వందల గ్రాముల సీసం కదలకుండా బిగించడం మరో పద్ధతి. రోజంతా భుజాన మోసేవారికి ఇది నచ్చకపోవచ్చు.

వీటన్నిటి కంటే చవకైన ఉపాయం తూటా మార్చడం. 32 గ్రాముల బదులు 28 గ్రాముల తూటా వాడితే మూడు కిలోల తుపాకీలో 33 జౌళ్ళు కాస్తా 26 అవుతాయి. సాధనకు అదే చాలు. పాత తుపాకులున్నవారు మరొకటి గమనించాలి. కొన్నిటి గది 65 మిల్లీమీటర్ల తూటాకు చేసినది. అందులో 70 మిల్లీమీటర్ల తూటా పట్టినట్టే పడుతుంది, మూత కూడా పడుతుంది. పేలినప్పుడు తూటా నోరు విచ్చుకోవడానికి చోటు చాలక లోపలి ఒత్తిడి పెరుగుతుంది. తన్ను ఎక్కువైందంటే అది తుపాకీ మూలుగు అనుకోవాలి. గది కొలత గొట్టం మీద చెక్కి ఉంటుంది, చదువుకోవాలి.

పట్టులోనే ఉంది

తన్నుతుందన్న భయంతో బట్‌ను భుజానికి దూరంగా, వదులుగా పట్టుకోవడం కొత్తవారు చేసే తప్పు. ఆ ఖాళీలో తుపాకీ వేగం పుంజుకుని వచ్చి గుద్దుతుంది. గట్టిగా ఆనించి పట్టుకుంటే మనిషి బరువు తుపాకీ బరువుతో కలుస్తుంది. మూడు కిలోలు కదలవలసిన చోట ఒళ్ళంతా కాస్త ఊగుతుంది. ఎడమ పాదం ముందుకు, ఒంటి బరువు దాని మీదికి, దవడ చెక్కకు ఆని ఉండాలి. నిటారుగా, వెనక్కి వాలి నిలబడినవాడు తూలిపోతాడు.

కళ్ళు మూసుకునే అలవాటుకు మందు వేరు. మందుగుండు లేని డమ్మీ తూటాను పక్కనున్నవారు ఒకసారి పెట్టి, ఒకసారి అసలుది పెట్టి, చెప్పకుండా చేతికివ్వాలి. డమ్మీ పడినప్పుడు కూడా మూతి కిందికి దిగితే భయం ఇంకా పోలేదని అర్థం. ఆ భయంలో సగం మోత వల్లనే. ఈ తుపాకీ శబ్దం 140 డెసిబెళ్ళు దాటుతుంది, అది చెవికి శాశ్వత నష్టం చేయగలదు. రేంజిలో చెవి బిరడాలు తప్పనిసరి. ఈ విలేకరి కళాశాల రోజుల్లో ఎన్‌సీసీ శిబిరంలో పేల్చింది చిన్న పాయింట్ టూటూ రైఫిలే. అయినా మొదటి తూటాకు లక్ష్యం ఎక్కడుందో కనబడలేదు!

హవల్దారు గారి తుపాకీకి ఇటీవల ప్యాడ్ వేయించారు. ఆయన వేసవి చొక్కాతో నిలబడితే కుదిరిన కొలత, చలికాలపు స్వెట్టరుతో కుదరడం లేదట. కిందటి సాధనలో మొదటి రెండు తూటాలకు కళ్ళు మూశారు, తర్వాతి మూడింటికి తెరిచే ఉంచారు.